షెడ్డులో ఒక్కడే ఉండడు

జిల్లా పేజీల్లో రెండు మూడు నెలలకోసారి ఒక వార్త వస్తుంది, మీరూ చూసే ఉంటారు. పాత స్కూటర్ ఇంజను, సైకిల్ చక్రాలు, పాతసామాన్ల కొట్లో కొన్న ఇనప గొట్టాలు కలిపి ఒక కుర్రాడు బండి చేశాడు. ఫొటోలో ఆ బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. ప్రతిభకు పేదరికం అడ్డు కాదని హెడ్డింగు. ఎమ్మెల్యే గారు శాలువా కప్పుతారు. రెండ్రోజులు వాట్సాప్‌లో తిరుగుతుంది, ఎవరో ఒకరు కింద చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఆ బండి మలుపులో ఎలా తిరిగింది, బ్రేకేస్తే ఏమైంది, రెండో బండి చేశాడా, చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదు - ఇవేవీ ఎవరూ రాయరు. అడిగేవాళ్ళూ లేరు.

ఆ వార్త అబద్ధమని నేననను. ఆ కుర్రాడి చేతిలో నిజంగా పని ఉంది. అబద్ధమల్లా, ఏమీ లేకుండా, ఎవరూ లేకుండా, తనొక్కడే చేశాడన్న మాటలో ఉంది. ఆ మాట మనకెందుకంత ఇష్టమో నాకు ఆలస్యంగా అర్థమైంది. అతనొక్కడే చెయ్యగలిగితే ఇక మనం చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదన్నమాట. శాలువా కప్పేసి ఇంటికెళ్ళిపోవచ్చు.

ఇంట్లో కట్టుకున్న మోటార్‌సైకిళ్ళు నిజంగా పందేల్లో తిరిగే చోటు ఒకటి నేను చూశాను కాబట్టి ఈ కోపం. అమెరికాలో, ఇల్లినాయ్‌లో పనిచేసే రోజుల్లో, మా ఆఫీసులో టెస్టింగ్ చూసే ఒకాయన ఒక శనివారం సాయంత్రం రమ్మన్నాడు. కార్ల రేసులాంటిదేదో అనుకుని వెళ్ళాను. అది ఊరి బయట ఏడాదికోసారి జాతర జరిగే మైదానం. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో మట్టి దారి. చుట్టూ చెక్క బల్లలు, వేయించిన మొక్కజొన్న వాసన, దారి తడపడానికి ఒక నీళ్ళ ట్యాంకరు.

దీన్ని ఫ్లాట్ ట్రాక్ అంటారు. చుట్టు అర మైలు కన్నా తక్కువైతే షార్ట్ ట్రాక్. పావు మైలు దారులు మామూలే, అంటే సుమారు 400 మీటర్లు. అందరూ ఎడమకే తిరుగుతారు. బండికి ముందు బ్రేకు ఉండదు. ఒకప్పుడు వెనక బ్రేకూ ఉండేది కాదు. మలుపు దగ్గర బండిని అడ్డంగా పడేస్తారు. వెనక చక్రం బయటికి జారుతూ ఉంటుంది, హ్యాండిల్ కుడికి తిరిగి ఉంటుంది, బండి మాత్రం ఎడమకి పోతుంది. ఎడమ బూటుకి అడుగున ఇనప తొడుగు కట్టుకుని ఆ కాలు నేలకి ఆనించి జారుతారు. మొదటిసారి చూసినప్పుడు పదిమంది ఒకేసారి పడిపోతున్నారనుకున్నాను. పడలేదు. మళ్ళీ లేచి, తిన్నగా వెళ్ళి, రెండో మలుపులో మళ్ళీ పడుకున్నారు.

మా ఆయన బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 450 సీసీ మోటోక్రాస్ హోండా. గుట్టల మీంచి గాల్లోకి ఎగరడానికి చేసిన బండి అది. దాన్ని నేల వదలకుండా ఉండే బండిగా మార్చాలి. ముందున్న 21 అంగుళాల చక్రం తీసేసి ముందూ వెనకా 19 అంగుళాల చక్రాలు బిగించాడు. ఫోర్కు గొట్టాల లోపల స్పేసర్లు వేసి బండిని మూడు నాలుగు అంగుళాలు కిందకి దించాడు. ఆ స్పేసర్లు తన షెడ్డులో ఉన్న చిన్న లేతు మీద తనే తిప్పుకున్నవి. ముందు బ్రేకు పీకేశాడు. ఇంజను ఫ్లైవీల్‌కి బరువు కలిపాడు.

పందెం బండికి బరువు కలపడమేంటి? నేనదే అడిగాను. మట్టి మీద ఇంజను ఎంత గబుక్కున లేస్తే వెనక చక్రం అంత గబుక్కున పట్టు వదిలేస్తుంది. ఫ్లైవీల్ బరువుగా ఉంటే ఇంజను నిదానంగా లేస్తుంది, నిదానంగా దిగుతుంది, జారుడు మన చేతిలో ఉంటుంది. అదీ సంగతి. నేను మెకానికల్ చదివి జావా రాసుకుని బతికేవాళ్ళలో ఒకణ్ణి. నాకు తెలిసిన ఫ్లైవీల్ పరీక్షలో పదహారు మార్కుల ప్రశ్న. టర్నింగ్ మూమెంట్ డయాగ్రమ్ గీసి, వైశాల్యాలు లెక్కేసి, ద్రవ్యరాశి కనుక్కోవాలి. కనుక్కున్నాను, మార్కులొచ్చాయి. ఒక మనిషి పడకుండా మలుపు తిరగడానికి ఆ ద్రవ్యరాశితో ఏదో పనుందని నాకు ఆ గడ్డి మైదానంలో, డిగ్రీ వచ్చిన ఏడేళ్ళకి తెలిసింది.

ఇంతకంటే ముందుకెళ్ళి ఫ్రేమ్ కూడా తామే కట్టేవాళ్ళున్నారు. సన్నటి క్రోమోలీ గొట్టాలు కోసి, వెల్డింగ్ చేసి, అందులో ఏదో ఒక సింగిల్ సిలిండర్ ఇంజను కూచోబెడతారు. ఒక తరంలో బీఎస్ఏ గోల్డ్ స్టార్, తర్వాతి తరంలో యమహా 500, ఆ తర్వాత ఆస్ట్రియా వాళ్ళ రోటాక్స్, ఇప్పుడు ఎవరికి దొరికిన మోటోక్రాస్ ఇంజను వాళ్ళు. ఇక్కడ పనంతా కొలతల్లో ఉంది. హ్యాండిల్ గొట్టం వాలు పాతిక డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. నిటారు చేస్తే బండి చురుగ్గా తిరుగుతుంది, కానీ నిలకడ పోతుంది. వెనక చక్రాన్ని పట్టుకునే చేతులు ఫ్రేమ్‌కి ఎక్కడ కలుస్తాయన్నది ఇంకా ముఖ్యం. ఆ కీలు కొంచెం పైకో కిందకో జరిగితే, థ్రాటిల్ తిప్పినప్పుడు చైను లాగుడుకి టైరు నేలని ఎంత గట్టిగా నొక్కుతుందో మారిపోతుంది. వెల్డింగ్ చేసేశాక ఈ కొలతలు మార్చడం కష్టం కాబట్టి తెలివైనవాళ్ళు జరపడానికి వీలుగా ముందే ఏర్పాటు చేసుకుంటారు. తప్పు చేస్తామని ముందే ఒప్పుకుని కట్టిన బండి అది.

వాళ్ళలో వాళ్ళకి ఒక తగువుంది. ఫ్రేమ్ కట్టనివాడిది ఇంట్లో చేసిన బండే కాదని, కంపెనీ మోటోక్రాస్ బండికి చక్రాలు మార్చినంత మాత్రాన దాన్ని చెయ్యడం అనకూడదని పాతకాలం వాళ్ళ ఫిర్యాదు. మన సాహిత్యంలో సొంత గొంతు గురించి జరిగే చర్చ గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను చక్రాలు మార్చేవాడి పక్షమే. పాత మోటోక్రాస్ బండి ఊరూరా దొరుకుతుంది, విడిభాగాలు దొరుకుతాయి, పడితే విరిగిన ముక్క సోమవారానికి కొనుక్కోవచ్చు. పందెంలోకి పదిమంది కొత్తవాళ్ళు రావడం, ఒక్కడు అందమైన ఫ్రేమ్ కట్టడం కన్నా నాకెక్కువ. స్వచ్ఛత గురించి మాట్లాడేవాళ్ళ దగ్గర మామూలుగా సొంత వెల్డింగ్ మెషిన్ ఉంటుంది.

ఆ సాయంత్రం నన్ను పట్టుకున్నది పందెం కాదు, ఆయన నోటుపుస్తకం. మైదానం పేరు, తేదీ, మట్టి తడి, టైర్లో గాలి, వెనక స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్ళు, ఎన్నో స్థానం, ఎక్కడ జారింది. పేజీల కొద్దీ. ట్యాంకరు తడిపినప్పుడు మట్టి మెత్తగా ఉంటుంది. చీకటి పడేకొద్దీ ఆరి, రబ్బరు పూసుకుని, ఒక గీత మేర నల్లగా నిగనిగలాడుతుంది. ఏడింటికి పనికొచ్చిన స్ప్రాకెట్ తొమ్మిదింటికి పనికిరాదు. ఒక పన్ను తేడా. ఆయనకి కావలసింది ఆయన డబ్బాలో లేదు. పక్క ట్రక్కు దగ్గరికెళ్ళి అడిగాడు, వాళ్ళిచ్చారు. ఆ పక్క ట్రక్కు అబ్బాయి అదే పందెంలో ఆయనతో పోటీ.

ఇక ఇదంతా ఎలా నిలబడిందో చూద్దాం. అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ 1924లో పుట్టింది. 1930ల మొదట్లో ఆర్థిక మాంద్యం. అప్పటిదాకా పందేలు కంపెనీలు ప్రత్యేకంగా చేయించిన బళ్ళతో, జీతానికి పెట్టుకున్న రైడర్లతో జరిగేవి. డబ్బు లేక ఆ పందేలు చతికిలపడుతున్నప్పుడు, 1934 నాటికి, క్లాస్ సి అని ఒక కొత్త తరగతి తెచ్చారు. షాపులో ఎవరికైనా అమ్మే బండి అయ్యుండాలి. రైడరుకి బండి సొంతదై ఉండాలి. రోజూ పనికెళ్ళే బండి మీదే పందేనికి వచ్చి, లైట్లూ మడ్‌గార్డులూ ఊడదీసి, పందెం అయ్యాక మళ్ళీ తగిలించుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. ఆ దేశంలో షెడ్డులో బండి విప్పి బిగించే అలవాటు ఒక క్రీడగా నిలబడిందంటే అందులో ప్రతిభ వాటా ఎంతో గానీ, ఈ నాలుగు వాక్యాల వాటా చాలా ఉంది.

ఆ నిబంధనల పుస్తకం పవిత్ర గ్రంథమేం కాదు. సైడ్ వాల్వ్ ఇంజనుకి 750 సీసీ దాకా, ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజనుకి 500 దాకానే అన్నారు. మొదటి రకం హార్లీ, ఇండియన్ కంపెనీలది, రెండో రకం బ్రిటిష్ బళ్ళది. ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు. 1960ల చివరి దాకా ఆ తేడా నడిచింది. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. అదే సంఘంలో 1950ల దాకా నల్లజాతి వాళ్ళకి సభ్యత్వం ఇవ్వలేదు. బండి సొంతదైతే చాలన్న తలుపుకి మనిషి రంగు చూసి వేసే గొళ్ళెం కూడా ఉంది. నిబంధనలుంటే న్యాయం దానంతటదే వస్తుందని నేను అనడం లేదు. కానీ రాసి ఉన్న నిబంధన మీద పోట్లాడొచ్చు, మార్చొచ్చు. శాలువా మీద ఏమని పోట్లాడతాం?

1975లో ఇండియానాపోలిస్ మైలు పందెంలో కెన్నీ రాబర్ట్స్, తారు రోడ్డు రేసుల కోసం చేసిన నాలుగు సిలిండర్ల యమహా టూ స్ట్రోక్ ఇంజను పెట్టిన బండితో మట్టి మీద గెలిచాడు. చివరి మలుపులోంచి వచ్చి గెలిచిన ఆ పందెం గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ తర్వాత అలాంటి ఇంజన్లని నిబంధనలు బయటపెట్టాయి. అన్యాయమన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ నిషేధం సబబే అనిపిస్తుంది. అందరూ ఆ ఇంజన్ల వెంట పడాల్సొస్తే షెడ్డువాళ్ళు ఇంటికెళ్ళాల్సిందే. మట్టి దారుల్లో కార్ల పందేలు ఆడేవాళ్ళ చవక తరగతుల్లో ఇంకా గొప్ప నిబంధన ఒకటుంది. పందెం అయ్యాక ప్రత్యర్థి ఎవరైనా, ముందే రాసిపెట్టిన ధరకి, గెలిచినవాడి ఇంజను కొనుక్కోవచ్చు. ఇవ్వనంటే కుదరదు. అంటే వెయ్యి డాలర్లకి అమ్మాల్సిన ఇంజను మీద పదివేలు పోసేవాడు ఉండడు. ఒక్క వాక్యంతో డబ్బున్నవాడి కాలు కట్టేశారు. గత పదేళ్ళలో నేను చదివిన అన్ని పుస్తకాల్లోనూ ఇంత పనిచేసే వాక్యం ఇంకోటి కనపడలేదు.

ఇప్పుడు మన ఒంటరి మేధావి దగ్గరికి వద్దాం. నేనీ మాటలంటే మిత్రులు రెండు పేర్లు చెబుతారు. మొదటిది బర్ట్ మన్రో. న్యూజీలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్ ఊళ్ళో షెడ్డులో ఉంటూ, 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దాల పాటు చెక్కుకుంటూ, పిస్టన్లు కూడా తనే పోత పోసుకుని, 1967లో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో రికార్డు కొట్టినాయన. 2005లో ఆంథొనీ హాప్కిన్స్‌తో సినిమా తీశారు. (ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్ అన్న పేరు చూసి అది మనవాడి కథ అనుకున్న స్నేహితుడు నాకొకడున్నాడు. పావుగంట దాకా ఎదురుచూశాట్ట.) నాకూ ఆ సినిమా ఇష్టమే. కానీ గమనించండి, అంత వయసులో, అంత పాత బండితో సముద్రం దాటి వెళ్ళినాయనకి అక్కడ సిద్ధంగా ఉన్నదేమిటి? ఏటా పందేలు జరిగే మైదానం, కాలం కొలిచే గడియారాలు, ఇంజను పరిమాణాన్ని బట్టి విభజించిన తరగతులు, కొలిచింది రాసుకునే గుమాస్తాలు. ఇవి లేకపోతే మన్రో ఇన్వర్‌కార్గిల్ షెడ్డులో ఒక పిచ్చి ముసలాయన, అంతే. రెండో పేరు జాన్ బ్రిటన్. అదే దేశం, క్రైస్ట్‌చర్చ్. కార్బన్ ఫైబర్‌తో, ఇంజనుతో సహా సొంతంగా చేసిన వి1000 బండి. 1995లో చనిపోయేనాటికి పెద్ద కంపెనీలని ఓడించిన మనిషి. ఆయన షెడ్డు ఫొటోలు చూడండి, ఎప్పుడూ నలుగురైదుగురు కనిపిస్తారు. వాళ్ళ పేర్లు మనం చదవం.

ఇక మన సాహిత్య మిత్రులకి మోటార్‌సైకిల్ అనగానే రాబర్ట్ పర్సిగ్ నవల గుర్తొస్తుంది. 1974లో వచ్చిన ఆ పుస్తకం మీద మనవాళ్ళు ఎంతసేపైనా మాట్లాడతారు, క్వాలిటీ అంటే ఏమిటి, ప్రాచ్యమెంత, పాశ్చాత్యమెంత అని. అందులో ఒక చిన్న ఘట్టముంది. స్నేహితుడి బీఎమ్‌డబ్ల్యూ హ్యాండిల్ వదులైతే, ఖాళీ బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడదామంటాడు కథకుడు. అంత ఖరీదైన బండికి బీరు డబ్బా రేకా అని స్నేహితుడికి చిన్నతనం. నా లెక్కలో పుస్తకమంతా ఆ రేకు ముక్కలో ఉంది. మన చర్చల్లో ఆ రేకు నాకెప్పుడూ వినపడలేదు. మనం ఆ స్నేహితుడి వైపు మనుషులం. బండి నడపడం ఇష్టం, చేతికి గ్రీసు అంటడం ఇష్టం లేదు.

దీనికి మూలం నాకు తెలుసు, ఎందుకంటే నేను అందులోంచే వచ్చాను. బీటెక్ మొదటి సంవత్సరం వర్క్‌షాప్. ఫిట్టింగ్ సెక్షన్లో ఇనప ముక్కని ఆకురాయితో అరగదీసి, మూలమట్టం పెట్టి చూస్తే వెలుతురు రాకుండా చదరం చెయ్యాలి. మా బ్యాచ్‌లో ఆ పని చేసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళకి వర్క్‌షాప్ అటెండరే చేసి పెట్టేవాడు, మేం నంబరు గుద్దించుకుని రికార్డులో అతికినట్టు బొమ్మ వేసేవాళ్ళం. మార్కులు మాకు. ఆయన పేరు మాలో ఎవరికీ తెలీదు, 'ఏమయ్యా' అని పిలిచేవాళ్ళం, మా నాన్న వయసు మనిషిని. చేతిపని చేసే కులాలు వేరు, దాని గురించి పరీక్ష రాసే కులాలు వేరు అన్న ఏర్పాటుని ఆ షెడ్డు మాకు మొదటి సెమిస్టర్లోనే నేర్పింది. మళ్ళీ మేమే కథల్లో శిల్పం గురించి వ్యాసాలు రాస్తాం.

పనివాళ్ళు లేరా అంటే, విజయవాడ ఆటోనగర్ వెళ్ళి చూడండి. బొమ్మ లేకుండా, చాక్‌పీసుతో నేలమీద గీసుకుని లారీ బాడీ కట్టేస్తారు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. ఇప్పటికీ ఆ బండి శబ్దం విని పోర్టింగ్ ఎక్కడ అరిగిందో చెప్పే మెకానిక్కులు మన ప్రతి ఊళ్ళో ఉన్నారు. కమ్మరి వీధిలో సూదులమ్మొద్దని సామెత చెప్పిన జాతి మనది, ఆ వీధి విలువ తెలియక కాదు. లేనిది నోటుపుస్తకం, లేనిది కొలత పక్కవాడికి చెప్పే అలవాటు. ఇది వాళ్ళ తప్పని నేననను. నేర్చింది దాచుకుంటేనే పూట గడిచే చోట ఎవడు చెబుతాడు? చెబితే లాభం ఉండే చోటు, అంటే పందెం, మనం కట్టలేదు.

చోటు లేదంటే నమ్మను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన రోడ్లు మూసేసి, గోడలు కట్టి, ప్రపంచ స్థాయి ఫార్ములా ఈ కార్లు తిప్పాం. మరుసటి ఏడాది పందెం రద్దయింది, గోడలు పోయాయి. దాని ఖర్చులో పిసరంతతో ఎన్ని ఊళ్ళ బయట మట్టి దారి వెయ్యొచ్చో ఎవరైనా సివిల్ వాళ్ళు లెక్కేసి చెబితే బావుండు. ఇటుపక్క కుర్రాళ్ళు రింగు రోడ్ల మీద అర్ధరాత్రి పందేలేస్తారు, పడి చస్తారు. మనం పెంపకం గురించి ఎడిటోరియల్ రాస్తాం. బండిని మార్చడం నేరమని చట్టం చెబుతుందని కొందరంటారు. కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చిన బండి రోడ్డెక్కకూడదని 2019లో సుప్రీంకోర్టు అన్న మాట వాస్తవం. సబబే. రోడ్డు మీద ముందు బ్రేకు లేని బండి నాకు ఎదురురావడం నాకూ ఇష్టం లేదు. ఆ బండి ఉండాల్సింది రోడ్డు మీద కాదనే కదా నా గోల.

మద్రాసు వాళ్ళు షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దారి మీద దశాబ్దాల పాటు పందేలు జరుపుకున్నారు. చాలా బళ్ళు ఇంటిదగ్గర విప్పి బిగించినవే. అక్కడినుంచి మన నెల్లూరు రెండు మూడు గంటల ప్రయాణమే.

నాకు కావలసింది పెద్ద స్టేడియం కాదు. పావు మైలు మట్టి, ఒక నీళ్ళ ట్యాంకరు, గడ్డి మోపులు, అంబులెన్సు వచ్చేదాకా పందెం మొదలుపెట్టని ఒక మొండి మనిషి, ఒక్క పేజీ నిబంధనలు. ఆ పేజీ నేను రాయడం మొదలుపెట్టాను. వంద సీసీ, వెనక బ్రేకు ఒక్కటే, చేసినవాడు తన కొలతలు కాగితం మీద రాసి గోడకి అంటించాలి, గెలిచిన ఇంజను పదిహేను వేలకి ఎవరడిగినా అమ్మాలి. ఫ్లైవీల్‌కి ఎంత బరువు దాకా కలపనివ్వాలి అన్న దగ్గర ఆగిపోయాను. వచ్చే నెల విజయవాడ వెళ్తున్నాను, ఆటోనగర్లో ఎవరినైనా అడగాలి. ఈసారి ముందు పేరడిగి.